సిరామిక్‌ని లోహానికి అతకడం ఎలా: చల్లారాక కూడా నిలిచే బ్రేజింగ్

బ్రేజింగ్ అంటే రెండు ముక్కల మధ్య, వాటికన్నా తక్కువ వేడికి కరిగే లోహాన్ని (దీన్నే ఫిల్లర్ అంటారు) కరిగించి అతకడం. అలా అతికిన సిరామిక్ ముక్క కొలిమి వేడిమీద ఉండగా పగలడం అరుదు. చల్లారేటప్పుడే పగులుతుంది. ఒక్కోసారి చల్లారేటప్పుడు కూడా బాగానే ఉంటుంది. బయటికి తీసి బల్లమీద పెట్టాక, మర్నాడు పొద్దున ఎవరూ ముట్టుకోకుండానే టక్కున బీటవేస్తుంది. నాకు అలా పోయిన మొదటి ముక్క స్టెయిన్‌లెస్ స్టీలు రింగులో కూర్చోబెట్టిన అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్ సిరామిక్) గొట్టం. ఫిల్లర్ అద్దంలా పారింది, అతుకు ఎక్కడా వదల్లేదు. అతుకు అంత గట్టిగా పట్టుకుంది కాబట్టే సిరామిక్ విరిగింది. అప్పటినుంచి ఏ ముక్క చేతిలోకి వచ్చినా మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: ఇది ఫిల్లర్ గడ్డకట్టే 780 డిగ్రీల నుంచి గది వేడికి దిగేటప్పుడు ఎవరు ఎవరిని లాగుతారు?

ఈ వ్యాసంలో ముఖ్యంగా చెప్పేది అల్యూమినాని లోహానికి వెండి-రాగి ఫిల్లర్‌తో వ్యాక్యూమ్ కొలిమిలో (గాలి తీసేసిన కొలిమిలో) అతకడం. జిర్కోనియాకి, నైట్రైడ్ సిరామిక్‌లకి కూడా పద్ధతి చాలావరకు ఇదే, అంకెలు మారతాయి. ఇక్కడి ఉష్ణోగ్రతలన్నీ సెల్సియస్‌లో ఉన్నాయి.

మామూలు ఫిల్లర్ ఎందుకు అంటదు

వెండి 72 శాతం, రాగి 28 శాతం కలిస్తే ఆ మిశ్రమం 780 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా కరుగుతుంది. రాగి మీద, నికెల్ మీద చక్కగా పారుతుంది. అదే చుక్క అల్యూమినా మీద తామరాకు మీద నీటిబొట్టులా గుండ్రంగా నిలబడుతుంది. అల్యూమినాలో అల్యూమినియం, ఆక్సిజన్ ఒకదాన్నొకటి చాలా గట్టిగా పట్టుకుని ఉంటాయి. ఆ పట్టు విడిపించే శక్తి వెండికీ లేదు, రాగికీ లేదు. లోహాల పనిలో వాడే వెలిగారం లాంటి ఫ్లక్స్ ఇక్కడ పనికిరాదు. ఫ్లక్స్ చేసే పని లోహం మీది ఆక్సైడ్ పొరని తీసేయడం. సిరామిక్ మొత్తం ఆక్సైడే అయినప్పుడు తీసేయడానికి అక్కడ పొర ఏముంది?

దీనికి రెండు దారులున్నాయి. పాత దారి మెటలైజింగ్. 1930లలో జర్మనీలో టెలిఫుంకెన్ కంపెనీవాళ్లు సిరామిక్ వ్యాక్యూమ్ ట్యూబుల కోసం దీన్ని మొదలుపెట్టారు. తర్వాత మాలిబ్డినం పొడికి మాంగనీసు కలపడంతో పద్ధతి స్థిరపడింది. ఆ పొడిని పూతగా అల్యూమినాకి రాసి, తేమ కలిపిన హైడ్రోజన్‌లో 1400–1500 డిగ్రీల దగ్గర కాలుస్తారు. మాంగనీసు ఆక్సైడుగా మారి అల్యూమినాలోని గాజు భాగంతో కలుస్తుంది. ఆ గాజు మాలిబ్డినం రేణువుల మధ్యకి ఎక్కి వాటిని పట్టుకుంటుంది. దానిమీద కొన్ని మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) నికెల్ పూత వేస్తే, ఇక మామూలు వెండి-రాగి ఫిల్లర్ లోహం మీద పారినట్టే పారుతుంది.

రెండో దారి యాక్టివ్ బ్రేజింగ్. ఫిల్లర్‌లోనే సుమారు 1.5 నుంచి 5 శాతం టైటానియం ఉంటుంది. కరిగినప్పుడు ఆ టైటానియం సిరామిక్ అంచుకి చేరి, అక్కడి ఆక్సిజన్‌ని తనవైపు లాక్కుని, ఒకటి రెండు మైక్రాన్ల మందంలో కొత్త పొర కడుతుంది. ఆ పొరకి లోహ గుణం ఉంటుంది కాబట్టి మిగతా ఫిల్లర్ దానిమీద పరుచుకుంటుంది. మార్కెట్లో కుసిల్-ఏబీఏ (63 శాతం వెండి, 35.25 శాతం రాగి, 1.75 శాతం టైటానియం. 780–815 డిగ్రీల మధ్య కరుగుతుంది), టికుసిల్ (టైటానియం 4.5 శాతం) లాంటి పేర్లతో రేకులుగా, పేస్టుగా దొరుకుతుంది.

పది ఇరవై ముక్కలు చేసుకునేవాళ్లకి యాక్టివ్ బ్రేజింగే సరైనదని నా అభిప్రాయం. ఒక్క కాల్పుతో పని అయిపోతుంది. ఒకే రకం ముక్కని వేలల్లో చేస్తూ, దశాబ్దాలపాటు గాలి చొరకూడదనుకునే చోట మెటలైజింగ్ ఇప్పటికీ నమ్మకమైనది.

గ్యాస్ టార్చ్‌తో చేయొచ్చా అని చాలామంది అడుగుతారు. యాక్టివ్ ఫిల్లర్‌ని గాలిలో వేడిచేస్తే టైటానియం సిరామిక్‌ని చేరేలోపే గాలిలోని ఆక్సిజన్‌తో, నైట్రోజన్‌తో కలిసిపోతుంది. పైగా టార్చ్ మంట ఒక పక్కే తగిలి సిరామిక్‌ని అక్కడికక్కడే చీలుస్తుంది. వ్యాక్యూమ్ కొలిమి లేనివాళ్లకి వేరే మార్గాలున్నాయి. వెండికి కొద్దిగా రాగి ఆక్సైడ్ కలిపిన ఫిల్లర్‌ని మామూలు గాలి కొలిమిలోనే, సుమారు 1000 డిగ్రీల దగ్గర వాడొచ్చు. అయితే లోహం ఆ వేడిలో గాలికి తట్టుకునే రకమై ఉండాలి. ముక్క పెద్దగా వేడెక్కని చోట వాడేదైతే తగరం-వెండి-టైటానియం కలిపిన మెత్తని టంకం ఉంది. దాన్ని సుమారు 250 డిగ్రీల దగ్గర కరిగించి, ఉపరితలం మీద గట్టిగా రుద్దితే అంటుకుంటుంది.

లోహాన్ని ఎంచుకోవడం

ఇక్కడ తొందరపడకండి. మిగతా దశల్లో జరిగే తప్పుల్ని సరిదిద్దుకోవచ్చు. ఇక్కడి తప్పుని ఏ కొలిమీ సరిదిద్దలేదు.

మీటరు పొడవున్న కడ్డీ ఒక్క డిగ్రీ వేడెక్కితే ఎన్ని మైక్రాన్లు పెరుగుతుందో చూద్దాం. సిలికాన్ నైట్రైడ్ సుమారు 3, అల్యూమినియం నైట్రైడ్ నాలుగున్నర, అల్యూమినా 7–8, జిర్కోనియా 10. లోహాల్లో మాలిబ్డినం 5, నియోబియం 7, టైటానియం 9, రాగి 17, 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు 17–18.

ఇప్పుడు 40 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న అల్యూమినా గొట్టానికి స్టెయిన్‌లెస్ స్టీలు రింగు తొడిగారనుకోండి. రెండింటి తేడా డిగ్రీకి సుమారు 10. ఫిల్లర్ 780 దగ్గర గడ్డకట్టి, ముక్క 30కి దిగితే 750 డిగ్రీల తేడా. లెక్కవేస్తే రింగు గొట్టం కన్నా 0.3 మిల్లీమీటర్లు ఎక్కువగా కుంచించుకోవాలని చూస్తుంది. శాతంలో చెప్తే 0.75. అల్యూమినాని లాగితే దాదాపు 0.1 శాతం సాగేలోపే విరిగిపోతుంది. ఆ మిగతా సాగుడంతా ఎవరు భరించాలి? లోహమో, ఫిల్లరో వంగి, సాగి భరించాలి. భరించలేకపోతే సిరామిక్ పగులుతుంది.

అందుకని అల్యూమినాకి మొదట పరిశీలించాల్సినవి టైటానియం, నియోబియం, కోవార్. కోవార్ అంటే ఇనుములో 29 శాతం నికెల్, 17 శాతం కోబాల్ట్ కలిపిన మిశ్రమం. కేటలాగులో దీని వ్యాకోచం 5 అని చూసి మోసపోవద్దు. ఆ అంకె 450 డిగ్రీల దాకే. అది దాటాక వ్యాకోచం ఒక్కసారిగా నిటారుగా పెరిగి, 800 డిగ్రీల దాకా సగటు తీస్తే సుమారు 10 అవుతుంది. బ్రేజింగ్‌కి ఈ రెండో అంకే కావాలి. అయినా అల్యూమినాకి ఇది స్టెయిన్‌లెస్ స్టీలు కన్నా ఎన్నో రెట్లు దగ్గర. ఏ లోహానికైనా ఫిల్లర్ గడ్డకట్టే ఉష్ణోగ్రత నుంచి గది వేడి దాకా సగటు వ్యాకోచాన్ని అడిగి తెలుసుకోండి.

నికెల్ ఎక్కువున్న లోహాలతో ఇంకో చిక్కు ఉంది. నికెల్‌కి టైటానియం అంటే మహా ఇష్టం. ఫిల్లర్ కరిగి ఎక్కువసేపు ఉంటే టైటానియం సిరామిక్ వైపు వెళ్లాల్సింది పోయి నికెల్ వైపు వెళ్లిపోతుంది, సిరామిక్ వైపు అతుకు బలహీనపడుతుంది. కోవార్‌తో యాక్టివ్ ఫిల్లర్ వాడితే వేడిని తక్కువలో ఉంచి, నిమిషాల్లో ముగించండి. మెటలైజ్ చేసిన సిరామిక్‌కి కోవార్‌ని మామూలు వెండి-రాగితో అతికేటప్పుడు వ్యవహారం తలకిందులు. అప్పుడు కోవార్‌కే నికెల్ పూత వేయాలి, ముందుగా ఎనీల్ చేసి (వేడిచేసి నెమ్మదిగా చల్లార్చి) లోపలి ఒత్తిడి తీసేయాలి. లేకపోతే కరిగిన వెండి-రాగి లోహపు రేణువుల మధ్యకి చొచ్చుకుపోయి చీల్చేస్తుంది.

లోహం టైటానియమే అయితే ఒక సౌకర్యం. టైటానియం లేని మామూలు వెండి-రాగి రేకే సరిపోతుంది. కరిగిన ఫిల్లర్‌లోకి ముక్క నుంచే టైటానియం దిగి సిరామిక్‌ని చేరుతుంది.

ఆకారం

సిరామిక్‌ని నొక్కితే భరిస్తుంది, లాగితే విరుగుతుంది. నొక్కుడుకి దాని బలం లాగుడుకన్నా సుమారు పది రెట్లు. కాబట్టి చల్లారేటప్పుడు లోహం సిరామిక్‌ని నొక్కేలా ఆకారం ఉండాలి. సిరామిక్ గొట్టానికి బయటనుంచి లోహపు రింగు తొడిగితే, రింగు కుంచించుకుని నొక్కుతుంది. సిరామిక్ రంధ్రంలో రాగి పిన్ను పెడితే, పిన్ను కుంచించుకుంటూ రంధ్రపు గోడని లోపలికి లాగుతుంది. రంధ్రంలో పిన్ను తప్పనిసరైతే మాలిబ్డినం, నియోబియం, కోవార్ లాంటివి ఎంచుకుని, పిన్నుని వీలైనంత సన్నగా ఉంచండి.

లోహం ఎంత మందమో అంత మొండి. పావు నుంచి అర మిల్లీమీటరు మందం ఉన్న సన్నని అంచు సిరామిక్‌కి తగిలేలా చేస్తే, ఆ అంచు తానే కాస్త వంగి ఒత్తిడిని మింగేస్తుంది. మందమైన ఫ్లాంజిని (బోల్టులు బిగించే వెడల్పాటి అంచుని) ఎప్పుడూ నేరుగా సిరామిక్‌కి అతకకండి. ముందు సన్నని రింగుని సిరామిక్‌కి అతికి, ఆ రింగుని తర్వాత ఫ్లాంజికి వెల్డ్ చేయండి. చదునైన ముఖానికి అతికే సన్నని రింగుకైతే, దాని రెండో వైపున కూడా అదే సిరామిక్‌తో చేసిన చిన్న రింగు పెట్టి అతకండి. రెండువైపులా ఒకే లాగుడు ఉంటే ముక్క ఒంగదు. ఆ అదనపు రింగు వృథా అనిపిస్తుంది కానీ, అది లేకుండా పగిలిన ముక్కలు నేను చాలా చూశాను. స్టెయిన్‌లెస్ స్టీలు తప్పనప్పుడు మధ్యలో మెత్తని రాగి రేకు పెట్టడం ఇంకో ఉపాయం. రాగి సాగి తేడాలో కొంత తీసుకుంటుంది.

సిరామిక్ మూలలు పదునుగా వదలకండి, కొద్దిగా గుండ్రం చేయించండి. ఒత్తిడి మొదట పోగయ్యేది ఆ మూలలోనే, పగులు మొదలయ్యేదీ అక్కడే.

సందు, ఫిల్లర్

యాక్టివ్ ఫిల్లర్ పైపుల బ్రేజింగ్‌లో చూసినట్టు సందులోకి పాకుతూ దూరం వెళ్లదు. వెళ్లే దారిలోనే టైటానియం సిరామిక్‌తో కలిసిపోతుంది కాబట్టి ముందుకు సాగడం మందగిస్తుంది. అందుకని అంచున తీగ పెట్టి లోపలికి పారుతుందని ఎదురుచూడకుండా, 50–100 మైక్రాన్ల రేకుని అతుకు ఆకారానికే కత్తిరించి రెండు ముఖాల మధ్య పెట్టండి.

ఒకదాన్లో ఒకటి దూరే ముక్కలైతే సందుని చల్లగా ఉన్నప్పుడు కాకుండా బ్రేజింగ్ వేడిలో లెక్కవేయాలి. పైన చెప్పిన 40 మిల్లీమీటర్ల స్టీలు రింగునే చూడండి. గది వేడిలో బిగుతుగా దిగినా, 830 డిగ్రీల దగ్గర గొట్టం చుట్టూ ఒక్కో పక్క 0.15 మిల్లీమీటరు పైనే సందు తెరుచుకుంటుంది. 50 మైక్రాన్ల రేకు ఆ సందుని నింపలేదు. బిగుతుగా సరిపోయింది కదా అని ధైర్యపడి, తర్వాత అతుకులో ఖాళీలు చూసి తలపట్టుకునేది ఇలాంటి చోటే.

శుభ్రం

అల్యూమినాని గ్రైండింగ్ చేసి ఉంటే ఉపరితలం కింద కంటికి కనపడని బీటలుంటాయి. వీలైతే గ్రైండింగ్ తర్వాత 1400–1500 డిగ్రీల దగ్గర మళ్లీ కాల్పించండి, చాలా బీటలు మూసుకుంటాయి. అది కుదరకపోయినా, అసిటోన్‌లో, ఆ తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో అల్ట్రాసోనిక్‌తో కడిగి, గాలిలో 1000 డిగ్రీల దగ్గర ఓ గంట ఉంచండి. నూనె, వేలిముద్ర, పెన్సిలు గీత, అన్నీ కాలిపోతాయి. లోహపు పనిముట్టు రాసుకుని పడిన బూడిదరంగు గీత మాత్రం కాల్చినా పోదు, దాన్ని ముందే ఆమ్లంతో తీసేయాలి.

లోహాన్ని జిడ్డు పోయేలా కడిగి, ఆక్సైడ్ పొర తీసి, ఆలస్యం చేయకుండా వాడండి. ఫిల్లర్ రేకుని కూడా కడగండి, దాన్ని చాలామంది మరిచిపోతారు. కడిగాక పౌడరు లేని గ్లౌజులతోనే ముట్టుకోవాలి.

బెరిలియా (బెరీలియం ఆక్సైడ్) సిరామిక్ ఏదైనా మీ చేతికొస్తే దాన్ని గ్రైండ్ చేయొద్దు, రుద్దొద్దు, విరగ్గొట్టొద్దు. దాని దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులకి నయం కాని జబ్బు వస్తుంది. చూడటానికి అది అల్యూమినాలాగే తెల్లగా ఉంటుంది. ముక్క ఎక్కడిదో తెలియకపోతే పక్కన పెట్టేయండి.

అమరిక

రేకుని మధ్యలో పెట్టి ముక్కల్ని నిలబెట్టి, పైన కొద్దిపాటి బరువు ఉంచండి. రేకు కరిగినప్పుడు ముక్కలు దగ్గరకి జరగాలి. మరీ బరువైతే ఫిల్లర్ బయటికి కారిపోతుంది. స్క్రూలతో బిగించే ఫిక్స్చర్ల జోలికి వెళ్లొద్దు. వేడికి అవి ఎటు పెరుగుతాయో, సిరామిక్‌ని ఎక్కడ నొక్కుతాయో మీకు తెలియదు.

యాక్టివ్ ఫిల్లర్ అన్నిటికీ అంటుకుంటుందన్న సంగతి గుర్తుంచుకోండి. ముక్క కింద ఆనించిన అల్యూమినా పలకకి అంటుకుంటుంది, గ్రాఫైట్ దిమ్మెకీ అంటుకుంటుంది. ఫిల్లర్ కారే అవకాశం ఉన్న ప్రతిచోటా ఫిక్స్చర్ మీద ఇట్రియా (ఇట్రియం ఆక్సైడ్) లాంటి, ఫిల్లర్ అంటకుండా ఆపే స్టాప్-ఆఫ్ పూత రాసి ఆరనివ్వండి. ఆ పూత అతుకు ముఖానికి మాత్రం తగలకూడదు.

కొలిమి

జింకు, కాడ్మియం ఉన్న ఫిల్లర్ కానీ, ఇత్తడి ముక్క కానీ వ్యాక్యూమ్ కొలిమిలోకి వెళ్లకూడదు. అవి ఆవిరై కొలిమినంతా పాడుచేస్తాయి. కాడ్మియం పొగ ప్రాణాంతకం కూడా.

కొలిమిలో పీడనం మిల్లీబారులో లక్షో వంతుకి, లేదా ఇంకా కిందికి దిగాకే వేడి మొదలుపెట్టండి. ముక్క పక్కనే మెరిసే టైటానియం రేకు ఒకటి సాక్షిగా పెట్టండి. కొలిమిలో మిగిలిన ఆక్సిజన్‌లో కొంత అదే తీసుకుంటుంది. బయటికి వచ్చాక దాని రంగు చూస్తే లోపల ఏం జరిగిందో తెలుస్తుంది. మెరుస్తూ వస్తే సరే, పసుపుగానో నీలంగానో మారితే ఎక్కడో గాలి లీకుంది.

నిమిషానికి 10 డిగ్రీల చొప్పున ఎక్కించండి. పేస్టు వాడితే 300–400 మధ్య ఆగాలి, అందులోని జిగురు ఆవిరై వెళ్లేదాకా పీడనం పెరుగుతూనే ఉంటుంది. తిరిగి తగ్గాక ముందుకి వెళ్లండి. 750 దగ్గర 15–20 నిమిషాలు తప్పకుండా ఆపాలి. వ్యాక్యూమ్‌లో వేడి గాలి ద్వారా అందదు, కిరణాల ద్వారానే అందుతుంది. మెరిసే లోహం ఒకలా, తెల్లని సిరామిక్ ఇంకోలా వేడెక్కుతాయి. రెండూ ఒకే వేడికి వచ్చాకే ఫిల్లర్ కరగాలి. వేడిని కొలిచే థర్మోకపుల్‌ని కొలిమి గోడకి వదిలేయకుండా ముక్కకి ఆనించండి.

అక్కడినుంచి 830–850కి తీసుకెళ్లి 5–10 నిమిషాలు ఉంచండి. ఎక్కువసేపు ఉంచితే అతుకు ఇంకా గట్టిపడుతుందనుకోవడం పొరపాటు. సిరామిక్ అంచున కట్టే పొర మందమైన కొద్దీ పెళుసవుతుంది. పైగా ఆ వేడిలో వెండి ఆవిరై సిరామిక్ మీద సన్నని పొరగా పడుతుంది. ఆ సిరామిక్ విద్యుత్ నిరోధకంగా పనిచేయాల్సినదైతే ముక్క చెడినట్టే.

ఇక చల్లార్చడం. 780 దాకా కొలిమి తనంతట తాను దిగనివ్వండి. అక్కడినుంచి 300 దాకా నిమిషానికి 3–5 డిగ్రీలకి మించి వేగం వద్దు, పెద్ద ముక్కైతే ఇంకా నెమ్మదిగా దించండి. మందమైన ముక్కల్ని 500 దగ్గర అరగంట ఆపితే ఫిల్లర్ మెత్తగా ఉన్నప్పుడే సాగి కొంత ఒత్తిడి వదిలించుకుంటుంది. గ్యాస్ వదిలి చల్లబరచడం ఈ పనిలో వద్దే వద్దు. కొలిమి 100 డిగ్రీల కిందికి దిగేదాకా తలుపు తీయకండి. చివరి రెండు గంటలు ఎంత పొడవుగా అనిపించినా సరే.

పరీక్ష

మంచి అతుకు వెండిలా తెల్లగా, చుట్టూ సన్నని పుటాకార అంచుతో ఉంటుంది. ఫిల్లర్ సిరామిక్ పక్కన గుండ్రటి పూసల్లా నిలబడితే టైటానియం పనిచేయలేదన్నమాట. మొదట వ్యాక్యూమ్‌ని, తర్వాత శుభ్రాన్ని అనుమానించండి. ఫిల్లర్ లోహం వైపు పారి సిరామిక్ వైపు ఊడితే, నికెల్ టైటానియాన్ని లాక్కుందా చూడండి. సిరామిక్ అతుకుకి కొంచెం పక్కగా, అంచుకి సమాంతరంగా పగిలితే అతుకు మంచిదే, ఆకారమో లోహమో తప్పు. ఇలాంటి పగులుకి కొలిమి సెట్టింగులు మారుస్తూ వారాలు పోగొట్టుకోవద్దు, డ్రాయింగ్ దగ్గరకి తిరిగి వెళ్లండి.

కంటికి కనపడని బీటలకి రంగు ద్రవంతో పరీక్ష చాలు. వ్యాక్యూమ్‌లో వాడే ముక్కకి మాత్రం హీలియం లీక్ పరీక్ష చేయించాలి. రంగు పూసే పని ఆ తర్వాతే పెట్టుకోండి, ముందే పూస్తే ఆ ద్రవం లీకు రంధ్రాల్ని మూసేసి మోసం చేస్తుంది. ముక్కని మర్నాటిదాకా ఆపి అప్పుడు పరీక్షించడం నాకు అలవాటు, కారణం మొదటే చెప్పాను.

లీకు దొరికితే మళ్లీ కరిగించి బాగుచేయొచ్చా? యాక్టివ్ ఫిల్లర్‌తో ఆ ఆశ పెట్టుకోవద్దు. టైటానియం అప్పటికే పొరగా మారిపోయింది, రెండోసారి కరిగే ఫిల్లర్‌లో అంటుకునే గుణం మిగిలి ఉండదు. సిరామిక్ ఖరీదైనదైతే ఆ ముఖాన్ని గ్రైండ్ చేసి, కొత్త ఉపరితలం తేల్చి, మళ్లీ కాల్చి, కొత్త రేకుతో మొదటినుంచి చేయండి. మెటలైజ్ చేసిన ముక్కకైతే అవకాశం ఉంది. లీకున్న చోట కాస్త ఫిల్లర్ పెట్టి ఇంకోసారి కాల్చొచ్చు. ఆ రెండో కాల్పులోనూ నికెల్ పూత మరికొంత కరిగిపోతుంది కాబట్టి, మూడోసారి ప్రయత్నించకండి.